కాలేజ్ ఫుట్‌బాల్ వీడియో గేమ్: మనవాళ్లు అడుగుతున్న ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు

వారానికి ఒక్కరైనా ఫోన్ చేసి ఇవే అడుగుతున్నారు. "మన యూనివర్సిటీ టీమ్ ఉందా అన్నా?", "స్క్రీన్ ఊగిపోతోంది, టీవీ పోయిందా?", "మావాడు డబ్బులు పెట్టి కార్డులు కొంటానంటున్నాడు, కొననివ్వాలా?" విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. నేను డెంటన్‌లో, యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్‌లో ఎమ్మెస్ చేసినవాణ్ణి. ఉదాహరణలన్నీ అటే మొగ్గుతాయి, సర్దుకోండి.

ఇంతకీ ఏ గేమ్ ఇది? దేనిమీద ఆడాలి?

ఈఏ స్పోర్ట్స్ వాళ్ల కాలేజ్ ఫుట్‌బాల్. ‘25’ అని పేరున్నది 2024 జులై 19న వచ్చింది. ‘26’ అన్నది 2025 జులై 10న వచ్చింది. పేరులో అంకె ఒక ఏడాది ముందు నడుస్తుంది, దుకాణంలో తికమకపడకండి. పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్ ఉంటేనే ఆడగలరు. పీసీ మీద రాలేదు, పాత పీఎస్4 మీద రాలేదు. ల్యాప్‌టాప్ చూపించి "దీన్లో పడుతుందా" అని అడక్కండి.

ఫుట్‌బాల్ అంటే ఇక్కడ చేత్తో పట్టుకుని పరిగెత్తేదే, కాలితో తన్నేది కాదు. హైదరాబాద్ నుంచి అడిగేవాళ్లకు ఈ మాట ముందే చెప్పాలి.

మాడెన్ ఉండగా ఇదెందుకు? రెండూ ఒకటే కదా?

కాదు. బయటినుంచి చూస్తే ఒకేలా ఉంటాయి, ఒకే సంస్థవి కూడా. కానీ మాడెన్‌లో ఉన్నది ఎన్‌ఎఫ్‌ఎల్, అంటే ప్రొఫెషనల్ లీగ్‌లోని 32 జట్లు, అన్నీ ఇంచుమించు ఒకే స్థాయివి. ఇక్కడ 25 ఎడిషన్‌లో 134 జట్లు. 26లో డెలావేర్, మిస్సోరీ స్టేట్ చేరి 136 అయ్యాయి. వాటిలో అలబామా లాంటి కొండలున్నాయి, ఏడాదికి రెండు మ్యాచ్‌లు గెలిస్తే పండగ చేసుకునే జట్లూ ఉన్నాయి. ఎక్కువ తక్కువలు ఇంతగా ఉన్నందువల్లే నాకీ గేమ్ నచ్చింది. అందరూ సమానమైతే గెలిచి ఏం లాభం?

రూల్స్‌లోనూ తేడాలున్నాయి, అవి ఆటనే మార్చేస్తాయి. మైదానం మధ్యలో రెండు వరసలుగా చిన్న గీతలుంటాయి చూడండి, వాటిని హ్యాష్ మార్కులంటారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆ వరసల మధ్య దూరం పద్దెనిమిదిన్నర అడుగులు, కాలేజీలో 40 అడుగులు. బంతి ఒక పక్క హ్యాష్ మీద పడితే అటువైపు ఇరుకు, ఇటువైపు బోలెడు ఖాళీ. ఆ ఖాళీవైపు పరుగు తీయించడమే సగం కాలేజ్ ఫుట్‌బాల్. ప్లే, అంటే ఎవరు ఎటు వెళ్లాలన్న ఎత్తుగడ, ఎంచుకున్నాక దాన్ని కుడి నుంచి ఎడమకు తిప్పేసే సదుపాయం ఉంది, అలవాటు చేసుకోండి. క్యాచ్ పట్టేటప్పుడు ఒక కాలు లోపలుంటే చాలు. ఎవరూ ముట్టుకోకపోయినా మోకాలు నేలకు తగిలితే ఆ ప్లే అక్కడితో ముగిసినట్టే. మాడెన్‌లో డైవ్ కొట్టి లేచి పరిగెత్తే అలవాటున్నవాళ్లు మొదటి వారం ఇక్కడే దెబ్బతింటారు.

మధ్యలో పదకొండేళ్లు ఈ గేమ్ ఎందుకు రాలేదు?

2013 జులైలో ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటలను నడిపే సంస్థ) పేరుతో ఎన్‌సీఏఏ ఫుట్‌బాల్ 14 వచ్చింది, ఆ తర్వాత 2024 దాకా ఏమీ లేదు. ఎడ్ ఓబానన్ అని యూసీఎల్‌ఏకి ఒకప్పటి బాస్కెట్‌బాల్ ఆటగాడు. వీడియో గేమ్‌లో అచ్చం తనలాంటి బొమ్మ కనబడింది, పేరు లేదు, చేతికి పైసా రాలేదు. 2009లో కేసు వేశాడు. ఆటగాళ్ల రూపురేఖలు వాడుకుంటూ వాళ్లకు రూపాయి ఇవ్వకపోవడం ఏమిటన్నది గొడవ. ఈఏ, లైసెన్సింగ్ సంస్థ కలిసి 40 మిలియన్ డాలర్లకు రాజీ చేసుకున్నాయి, గేమ్ ఆగిపోయింది. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చని ఎన్‌సీఏఏ ఒప్పుకున్నాకే దారి తెరుచుకుంది. 25 ఎడిషన్‌లో తన పేరు, ముఖం వాడుకోనిచ్చిన ఒక్కొక్కరికి 600 డాలర్లు, ఒక గేమ్ కాపీ ఇచ్చారు. పదకొండు వేల మందికి పైగా సరేనన్నారు. టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) ఆర్చ్ మానింగ్ మొదట రానని చెప్పి, గేమ్ విడుదలయ్యాక వచ్చి చేరాడు.

ఈ మధ్యకాలంలో పాత 14 డిస్కు వంద డాలర్లు దాటి అమ్ముడైంది. అభిమానులు దాన్నే బాగుచేసుకుని, కొత్త యూనిఫాంలు తొడిగి ఆడుకున్నారు.

నాకు అమెరికన్ ఫుట్‌బాల్ రూల్సే రావు. ఆడగలనా?

ఆడగలరు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి, వెళితే మళ్లీ నాలుగు. ఇంతే మూలం. మిగతాది ఆడుతుంటే ఒంటబడుతుంది. కష్టం నాలుగు మెట్లు: ఫ్రెష్‌మన్, వార్సిటీ, ఆల్-అమెరికన్, హైస్మన్. మొదటి పది మ్యాచ్‌లు ఫ్రెష్‌మన్‌లో ఆడండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. హైస్మన్‌లో పాస్‌లను అడ్డుకునే ఎదుటి కార్నర్‌బ్యాక్‌కి వెనక కూడా కళ్లున్నట్టే ఉంటుంది.

పాసింగ్‌కి సెట్టింగ్స్‌లో కొన్ని పద్ధతులుంటాయి. కొత్తవాళ్లు క్లాసిక్ పెట్టుకోండి. బటన్ నొక్కితే బంతి వెళ్తుంది. చెయ్యి తిరిగాక మీటర్ ఉన్న పద్ధతికి మారండి, అందులో బటన్ ఎంతసేపు నొక్కారన్నదాన్ని బట్టి వేగం, సరిగ్గా ఎక్కడ వదిలారన్నదాన్ని బట్టి గురి ఉంటాయి.

టై అయితే? కాలేజీ ఓవర్‌టైమ్‌కి నేను వీరాభిమానిని. గడియారం లేదు. చెరొకసారి 25 గజాల గీత దగ్గర బంతి ఇస్తారు. రెండో ఓవర్‌టైమ్ నుంచి టచ్‌డౌన్ కొడితే (బంతిని చివరి గీత దాటిస్తే) రెండు పాయింట్లకు ప్రయత్నించి తీరాలి, మూడోదాని నుంచి ఇక నేరుగా రెండు పాయింట్ల ప్రయత్నాలే, పెనాల్టీ షూటౌట్‌లా. రాత్రి ఒంటిగంటకు పక్కింటివాళ్లు గోడ కొట్టేది ఇక్కడే.

ఆప్షన్ ప్లే అంటే ఏమిటి? ఎప్పుడూ నా క్వార్టర్‌బ్యాక్ చితికిపోతున్నాడు.

ఎందుకంటే మీరు బంతి ఎవరికివ్వాలో ముందే నిర్ణయించుకుని వస్తున్నారు. ఆప్షన్‌లో మన జట్టు ఎదుటివాళ్లలో ఒక డిఫెండర్‌ని కావాలనే అడ్డుకోకుండా వదిలేస్తుంది. అతని నెత్తిన ‘ఆర్’ అనే గుర్తు కనిపిస్తుంది. అతను రన్నింగ్ బ్యాక్ (బంతి అందుకుని పరిగెత్తేవాడు) మీదికి దూకితే బంతి మన దగ్గరే పెట్టుకుని పరిగెత్తాలి. మనకోసం కాచుకుని నిలబడితే బంతి బ్యాక్‌కి ఇచ్చేయాలి. అతను ఏం చేస్తాడో చూసేందుకు ఉన్న సమయం ఒక లిప్త. కళ్లు బంతిమీద కాదు, ఆ ‘ఆర్’ గుర్తున్నవాడి భుజాలమీద ఉండాలి. ప్రాక్టీస్ మోడ్‌లో ఒకే ప్లే ముప్పైసార్లు ఆడితే వస్తుంది. పూర్తిస్థాయి ట్రిపుల్ ఆప్షన్ చూడాలంటే ఆర్మీ, నేవీ, ఎయిర్ ఫోర్స్ అకాడమీల ప్లేబుక్‌లు తెరవండి. ఏ జట్టు ప్లేబుక్ దానిదే.

వేరేవాళ్ల స్టేడియంలో స్క్రీన్ ఊగుతోంది, గీతలు వంకర్లు పోతున్నాయి. టీవీ పాడైందా?

టీవీ బాగానే ఉంది. అది గేమ్ పనే. సొంతగడ్డ బలాన్ని ఇంత చక్కగా చూపించిన స్పోర్ట్స్ గేమ్ నేను ఇంకోటి ఆడలేదు.

25 ఎడిషన్‌లో ఆడటానికి అతి కష్టమైన స్టేడియంల జాబితా ఒకటి విడుదల చేశారు. మొదటి స్థానం టెక్సస్ ఏ అండ్ ఎమ్ వాళ్ల కైల్ ఫీల్డ్‌ది. నార్త్ టెక్సస్ జట్టుతో అక్కడికి వెళ్లాను, అదీ మొదటి ఏడాది కుర్రాణ్ణి క్వార్టర్‌బ్యాక్‌గా పెట్టుకుని. మూడో డౌన్, అంటే మూడో ప్రయత్నం, ఎనిమిది గజాలు కావాలి. గోల మొదలైంది. కంట్రోలర్ చేతిలో వణుకుతోంది, కెమెరా అదురుతోంది. ఎవరు ఎటు పరిగెత్తాలో చూపించే గీతలు తిన్నగా ఉండాల్సినవి చిన్నపిల్లాడు సుద్దతో గీసినట్టు మెలికలు తిరిగాయి. పాస్ అందుకునే రిసీవర్ల మీద ఉండే బటన్ గుర్తులు మసకబారాయి. ఏది నొక్కితే ఎవరికి వెళ్తుందో గుర్తుపెట్టుకున్నది తప్ప కళ్లకు కనబడేది లేదు. ఊహించి నొక్కాను. బంతి నేరుగా వాళ్ల సేఫ్టీ అనే డిఫెండర్ చేతుల్లోకి వెళ్లింది.

మందు ఉంది. అనుభవమున్న, నిబ్బరం రేటింగ్ ఎక్కువున్న క్వార్టర్‌బ్యాక్‌కి ఇవన్నీ తక్కువ కనిపిస్తాయి. కుర్రాడే ఉంటే మొదట్లో చిన్నచిన్న పాస్‌లు, పరుగులతో గజాలు పోగేయండి. జనం నోరు మూసుకుంటే గీతలు తిన్నబడతాయి. ఆడబోయే ప్లే గీతలతో పనిలేకుండా నోటికి వచ్చేలా ఒక నాలుగు ప్లేలు బట్టీ పట్టుకుని వెళ్లండి.

డైనస్టీ అంటారు కదా, అదేమిటి?

ఈ గేమ్‌కి ప్రాణం అదే. మిగతావన్నీ తీసేసి డైనస్టీ ఒక్కటి మిగిల్చినా నేను డబ్బు పెట్టి కొంటాను. మీరు కోచ్. హెడ్ కోచ్‌గా గానీ, అఫెన్స్ లేదా డిఫెన్స్ కోఆర్డినేటర్‌గా గానీ మొదలుపెట్టవచ్చు. మొదట్లో మూడు దారులు: కుర్రాళ్లను తెచ్చుకోవడంలో నేర్పున్న రిక్రూటర్, ఉన్నవాళ్లను పదునుపెట్టే మోటివేటర్, మ్యాచ్ రోజు బుర్ర వాడే టాక్టీషియన్. పోనుపోను ఇంకా పై హోదాలు తెరుచుకుంటాయి. చిన్న జట్టుకైతే మోటివేటర్ అంటాను నేను. పెద్ద కుర్రాళ్లు మన దగ్గరికి ఎలాగూ రారు, వచ్చినవాణ్ణే పెంచుకోవాలి.

30 సీజన్ల దాకా ఆడుకోవచ్చు. స్కూల్ (ఇక్కడ యూనివర్సిటీనే అలా అంటాం) పెట్టిన లక్ష్యాలు అందుకోకపోతే ఉద్యోగం ఊడుతుంది. బాగా చేస్తే పెద్ద స్కూళ్ల నుంచి పిలుపులొస్తాయి, వెళ్లాలా వద్దా అని నిజంగానే నిద్ర పట్టదు. కాన్ఫరెన్స్‌లను, అంటే తమలో తాము ఆడుకునే జట్ల గుంపులను, మన ఇష్టం వచ్చినట్టు కలిపి విడదీయవచ్చు కూడా. నిజం అమెరికాలో 2024లో టెక్సస్, ఓక్లహోమా ఎస్‌ఈసీ అనే కాన్ఫరెన్స్‌లోకి దూకాయి, కాలిఫోర్నియా జట్లు యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ వెళ్లి బిగ్ టెన్‌లో చేరాయి. ఆ పాత కాన్ఫరెన్స్‌లు మళ్లీ కావాలనుకునే పెద్దాయనలు గేమ్‌లో వెనక్కి మార్చుకుని ఆడుతుంటారు.

రిక్రూటింగ్ అర్థం కావడం లేదు. మంచివాళ్లు ఎవరూ నా స్కూల్‌కి రావడం లేదు.

సంబంధాలు చూసినట్టే అనుకోండి. మీ బోర్డు మీద 35 మంది హైస్కూలు కుర్రాళ్లను పెట్టుకోవచ్చు. వారానికి ఇన్ని గంటలని ఉంటాయి, అవే మీ పెట్టుబడి. స్కాలర్‌షిప్ ఇస్తామని చెప్పడానికి 5 గంటలు, కుర్రాడికి మెసేజ్ పెట్టడానికి 10, ఉన్న బలమంతా గుమ్మరించే ‘సెండ్ ద హౌస్’కి 50. అందరికీ తలా కాస్త పంచితే ఎవరూ రారు. పది, పన్నెండుమంది మీద గట్టిగా పెట్టాలి.

ముందు స్కౌట్ చేయండి. కుర్రాళ్లకు ప్రతిభని బట్టి ఐదు దాకా నక్షత్రాలుంటాయి; మూడు నక్షత్రాల కుర్రాడి పక్కన ఆకుపచ్చ గుర్తు వస్తే వాడు మట్టిలో మాణిక్యం. నాలుగు నక్షత్రాలున్నా ఎర్ర గుర్తు వస్తే పైన పటారం. చిన్న స్కూళ్ల బతుకు ఆ ఆకుపచ్చ గుర్తుల మీదే నడుస్తుంది.

ప్రతి స్కూల్‌కీ 14 విషయాల్లో గ్రేడులుంటాయి: ఆడే అవకాశం, క్యాంపస్ జీవితం, స్టేడియం సందడి, ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లే ఛాన్స్, ఇంటికి దగ్గరతనం, చదువు పరువు, ఇలా. కుర్రాడు వీటిలో దేన్ని పట్టించుకుంటాడో కనుక్కుని దాని గురించే చెప్పాలి. మనవాళ్లు అయితే ‘చదువు పరువు’ ఒక్కటే చూసి సంతకం పెట్టేవాళ్లు. ఈ కుర్రాళ్లలో అది పట్టించుకునేవాడు తగిలితే అదృష్టం. ప్రతివాడికీ ఒక పంతం కూడా ఉంటుంది, డీల్‌బ్రేకర్ అంటారు. అందులో మీ గ్రేడు చాలకపోతే ఎన్ని గంటలు పోసినా వాడు తలుపు తీయడు.

చాలామంది వదిలేసేది క్యాంపస్ విజిట్. కుర్రాడి జాబితాలో మీరు మొదటి ఐదుగురిలోకి వచ్చాక ఇది తెరుచుకుంటుంది, ఒక వారానికి నలుగురి దాకా పిలవొచ్చు. క్వార్టర్‌బ్యాక్‌ని, రిసీవర్‌ని ఒకేసారి పిలిస్తే ఒకరిని చూసి ఒకరు మురుస్తారు. ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లను ఒకే రోజు పిలిచారో, ఒకే సంబంధానికి ఇద్దరు పెళ్లికొడుకులు ఎదురుపడ్డట్టే. ఆ రోజు మ్యాచ్ గెలవాలి కూడా. నేను ఐదు వారాలు వెంటపడ్డ ఒక టెక్సస్ కుర్రాణ్ణి సొంత స్టేడియంకి పిలిచి, వాడి కళ్లముందే చివరి నిమిషంలో ఫీల్డ్ గోల్ (కాలితో తన్ని స్కోరు చేసేది) తప్పాను. మరుసటి వారం వేరే స్కూల్ టోపీ పెట్టుకున్నాడు, అంటే అక్కడ చేరిపోయాడు. కాబట్టి విజిట్‌కి సులువుగా గెలిచే మ్యాచ్ ఎంచుకోండి, పోటీ గట్టిగా ఉండే మ్యాచ్ కాదు.

నేను పెంచిన ఆటగాళ్లే సీజన్ అయ్యాక వెళ్లిపోతున్నారు. ఇదేం అన్యాయం?

ఆటగాళ్లు స్కూల్ మారే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ మహిమ. నిజం కాలేజీ ఆటలోనూ 2018 నుంచి ఇదుంది. డీల్‌బ్రేకర్ గురించి చెప్పానుగా, అది చేరాక కూడా వదలదు. ఆడే అవకాశం కావాలన్నవాణ్ణి బెంచీ మీద కూర్చోబెడితే పోతాడు. సీజన్ చివర కొందరిని ఉండమని బతిమాలే అవకాశం ఇస్తారు, దాన్ని వాడుకోండి. ఆ తర్వాత మీరూ పోర్టల్‌లోకి వెళ్లి పెద్ద స్కూళ్లలో మూడో వరసలో మగ్గుతున్నవాళ్లను తెచ్చుకోండి. తిట్టుకుంటూ కూర్చుంటే జట్టులో 85 మంది పూర్తికారు. కొత్త కుర్రాళ్లను రెడ్‌షర్ట్ చేయడం, అంటే మొదటి ఏడాది పెద్దగా ఆడించకుండా పక్కన పెట్టడం, మరవకండి. నాలుగు మ్యాచ్‌లకు మించి ఆడకపోతే వాళ్ల ఆడే అర్హతలో ఆ ఏడాది ఖర్చు కాదు, మిగిలే ఉంటుంది.

నాలుగో క్వార్టర్‌కి నా రన్నింగ్ బ్యాక్ ఎందుకు నీరసపడిపోతున్నాడు?

వేర్ అండ్ టేర్. తగిలిన ప్రతి దెబ్బా ఒంట్లో ఏ భాగానికి తగిలిందో లెక్క ఉంటుంది. అలసట నిమిషాల్లో తీరుతుంది, ఇది తీరదు, కొంత వచ్చే వారానికీ మోసుకెళ్తాడు. ఒక్కడికే ముప్పైసార్లు బంతి ఇవ్వకండి. గుంపులో దూరేముందు పక్కకి, గీత బయటికి వెళ్లడం నేర్చుకోండి.

రోడ్ టు గ్లోరీ బాగుంటుందా?

ఒక్క ఆటగాడిగా బతికే మోడ్. 25 ఎడిషన్‌లో క్వార్టర్‌బ్యాక్, హాఫ్‌బ్యాక్, రిసీవర్, లైన్‌బ్యాకర్, కార్నర్‌బ్యాక్, ఈ ఐదింటిలో ఒకటి. మామూలు కుర్రాడిగా గానీ, ఐదు నక్షత్రాల మొనగాడిగా గానీ మొదలుపెట్టవచ్చు. వారం వారం చదువుకి, శిక్షణకి, ఆరోగ్యానికి, పేరుప్రతిష్ఠలకి సమయం పంచుకోవాలి. జీపీఏ పడిపోతే మ్యాచ్‌కి దూరం పెడతారు. ఎఫ్‌1 వీసా మీద ఉన్న మనవాళ్లకు ఆ భయం కొత్తగా నేర్పక్కర్లేదు. 26లో హైస్కూలు దశ మళ్లీ వచ్చింది, 25లో లేనిది అదే. క్వార్టర్‌బ్యాక్ తీసుకుంటే సరదాగా ఉంటుంది. మిగతా స్థానాల్లో చాలాసేపు ఎదురుచూపులే అనిపించింది నాకు.

అల్టిమేట్ టీమ్‌లో డబ్బు పెట్టాలా?

వద్దు. ఇప్పటివాళ్లు, పాతతరం వాళ్ల కార్డులు పోగేసి జట్టు కట్టే మోడ్ అది. ప్యాక్‌లో ఏమొస్తుందో తెలియకుండానే కొనాలి. ఒంటరిగా ఆడే ఛాలెంజ్‌లు ఉచితమే, వాటితోనే కాలక్షేపం చేయండి. పిల్లల అకౌంట్‌కి కార్డు నంబర్ జతచేసి ఉంటే ఈరోజే తీసేయండి.

మా యూనివర్సిటీ గేమ్‌లో కనిపించడం లేదే?

మనవాళ్లు చదివే స్కూళ్లలో చాలావాటికి అసలు ఫుట్‌బాల్ జట్టే లేదు. యూటీ డల్లాస్‌కి లేదు, అక్కడ పేరు చెప్పుకునేది చదరంగం జట్టు గురించి. యూటీ ఆర్లింగ్టన్ 1985 సీజన్‌తో జట్టు ఎత్తేసింది. అరిజోనా స్టేట్, హ్యూస్టన్, షార్లట్, బఫలో, మా నార్త్ టెక్సస్ ఉన్నాయి.

లేనివాళ్లకి టీమ్‌బిల్డర్ ఉంది. వెబ్‌సైట్‌లో రంగులు, లోగో, యూనిఫాం మీరే చేసుకుని గేమ్‌లోకి తెచ్చుకోవచ్చు. డైనస్టీలో ఉన్న ఒక జట్టుని తీసేసి దాని స్థానంలో మీది పెట్టాలి. యూటీ డల్లాస్‌లో చదివిన మా బావమరిది నార్త్ టెక్సస్‌ని తీసేసి వాళ్ల స్కూల్ పెట్టుకున్నాడు. రెండు వారాలు మాటల్లేవు.

ఫ్రెండ్స్‌తో కలిసి ఆడొచ్చా?

ఒకే ఆన్‌లైన్ డైనస్టీలో 32 మంది దాకా చేరొచ్చు. 26లో అయితే పీఎస్5 వాళ్లు, ఎక్స్‌బాక్స్ వాళ్లు కలిసి ఆడొచ్చు. చేరడం తేలిక, వారం ముందుకు జరపడమే కష్టం. ఒకడు డల్లాస్, ఒకడు న్యూజెర్సీ, ఒకడు ఆన్‌కాల్ డ్యూటీలో. మాది ఎనిమిదిమంది గుంపు, రెండు రోజుల్లో ఆడకపోతే ఆ మ్యాచ్ కంప్యూటరే ఆడేస్తుందని మొదటిరోజే రాసుకున్నాం. అలా రాసుకోని గుంపులు మూడో వారంలో చెల్లాచెదురవుతాయి.

పోటీ కావాలంటే రోడ్ టు ద కాలేజ్ ఫుట్‌బాల్ ప్లేఆఫ్ ఉంది, ముక్కూమొహం తెలియనివాళ్లతో. ఎనిమిదేళ్ల పిల్లలతో అయితే మస్కట్‌ల మ్యాచ్ పెట్టండి. జంతువు వేషాలే ఆటగాళ్లు, పిల్లలకి రూల్స్ అక్కర్లేదు.

25 కొనాలా, 26 కొనాలా?

డైనస్టీ ముఖ్యమైతే 26. నిజం కోచ్‌ల పేర్లు అందులోనే వచ్చాయి. కాసేపు ఊరికే చేయి తిప్పుకోవాలంటే 25 చాలు, సెకండ్‌హ్యాండ్ డిస్కు దొరుకుతుంది. తేల్చుకోలేకపోతే ఈఏ ప్లే చందా కట్టేవాళ్లకు పది గంటల ట్రయల్ ఉంటుంది.

సరే, ఏ జట్టుతో మొదలుపెట్టమంటారు?

అలబామా, ఒహాయో స్టేట్, జార్జియా వద్దు. వాటితో గెలిస్తే మీ గొప్పేం లేదు, ఓడితే కోపం. మీరు చదివిన స్కూలో, మీ ఊరికి దగ్గరున్న చిన్న జట్టో తీసుకోండి. ఇప్పుడు ప్లేఆఫ్‌లో 12 జట్లు ఆడుతున్నాయి, ఐదుగురు కాన్ఫరెన్స్ విజేతలకు చోటు ఖాయం. అందుకే చిన్నవాళ్లకీ సందు దొరికింది. 2024లో బోయిసీ స్టేట్ అలాగే దూరింది.

నార్త్ టెక్సస్‌తో మొదటి సీజన్‌లో నాలుగే గెలిచాను. ఆరో సీజన్‌లో 12వ సీడ్‌గా ప్లేఆఫ్‌కి వెళ్లాను. మొదటి రౌండు 5వ సీడ్ వాళ్ల గ్రౌండ్‌లో, అంటే మళ్లీ ఆ గోల, ఆ మెలికల గీతలు. ఈసారి క్వార్టర్‌బ్యాక్ మాత్రం నాలుగేళ్లుగా నేను పెంచినవాడు, గుర్తులు స్పష్టంగానే కనబడ్డాయి. మూడు పాయింట్ల తేడాతో ఓడాం. వాడు గ్రాడ్యుయేట్ అయిపోయాడు. ఇప్పుడు బోర్డు మీద ఒక రెండు నక్షత్రాల కుర్రాడున్నాడు, పక్కన ఆకుపచ్చ గుర్తుంది.